ఒంటికి సరిపడిన తిండిని విడువరాదు



ఈ నెల మేము ముచ్చటింపదలచిన వస్తువు మీ వంటయింటి అలమరలో నొక డబ్బానిండ నున్నది. కోస్తాజిల్లాలవారు వేరుశనగగుండ్లనియు, తెలంగాణమువారు పల్లీలనియు, రాయలసీమవారు చెనిక్కాయలనియు, బుడ్డలనియు పిలుచునది అదియే. ఇడ్డెనలకు పచ్చడియైనను, పులిహోరకు పోపైనను, గుత్తివంకాయకు పొడియైనను, బడినుండి వచ్చిన బిడ్డకు బెల్లపుటుండయైనను ఈ గింజ లేనిదే మన యిండ్లలో దినము గడవదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపాఠశాలల మధ్యాహ్నభోజనములో వేరుశనగ చిక్కీని జేర్చినప్పుడు పిల్లలెవ్వరును దానిని కొత్తవస్తువుగా జూడలేదు.

అట్టి గింజను జూచి యిప్పుడు కొందరు తల్లులు జంకుచున్నారు. "అమెరికాలోని మా అమ్మాయి బిడ్డకు మూడేండ్లు వచ్చువరకు వేరుశనగ తగులనీయవద్దని చెప్పినది" అని యొకరందురు. "ప్రక్కయింటి బాబునకు అది తినగానే ఒళ్లంతయు దద్దుర్లు లేచినవట, ఆనాటినుండి మేమును మావానికి మానిపించితిమి" అని మరియొకరందురు. తల్లికి బిడ్డయెడ భయముండుట సహజమే. కాని యీ భయము బిడ్డను కాపాడుచున్నదా, లేక బిడ్డకే చేటు దెచ్చుచున్నదా యని యోచింపవలసియున్నది.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాము. ఇంతవరకు తిని సుఖముగా నున్న బిడ్డకు ఒకరి మాట విని వేరుశనగ మాన్పరాదు. పాలు తప్ప మరేమియు నెరుగని శిశువునకు ఆహారము మొదలిడు దినములలోనే దానిని పరిచయము చేసి, ఆ పరిచయమును నిలుపవలెను. ఒకమారు తిని కీడు పొందిన బిడ్డకు మాత్రము ఇంటిలో నెవ్వరును దానిని పెట్టి చూడరాదు. ఈ మూడింటిని వేరుచేసి చూడకపోవుటచేతనే యిండ్లలో నింత గందరగోళము కలుగుచున్నది.

"వానికి అది పడదు" అని మనమందుము. ఆ పడకపోవుటనే వైద్యులు ఎలర్జీ యందురు. 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే యను వైద్యుడీ పదమును గల్పించెను. మన దేహములో రోగములను దెచ్చు క్రిములతో పోరాడు రక్షకశక్తి యొకటి కలదు. ఇంటికి కాపలాయున్న భటుడు దొంగను బట్టవలసినది పోయి, ఇంటికి వచ్చిన చుట్టమునే దొంగయని కొట్టినట్లు, ఆ శక్తి యొకప్పుడు ఆహారములోని మాంసకృత్తులనే శత్రువులుగా నెంచి పైబడును. అప్పుడు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, దగ్గు, ఆయాసము పుట్టును. తీవ్రమైనచో ఊపిరి యాడక, రక్తపుపోటు పడిపోయి, నిమిషములలో ప్రాణాపాయము కలుగును. కావున దీనిని వట్టి చాదస్తమని త్రోసివేయరాదు.

మరి యా భటునకు చుట్టమెవరో దొంగయెవరో తెలియుట యెట్లు? చిన్ననాటనే, నోటిద్వారమున, మాటిమాటికి వచ్చు వస్తువును అతడు చుట్టముగా గుర్తుపట్టును. కాని పగిలిన చర్మముగుండ ప్రవేశించిన వస్తువును దొంగదారిన వచ్చినదానినిగా ననుమానించును. 2003లో ఇంగ్లండునందు జరిగిన యొక పరిశోధనలో, శిశువుల చర్మమునకు బూసిన లేపనములలో వేరుశనగనూనె యున్నచో, ఆ బిడ్డలకు పిమ్మట వేరుశనగ పడకపోవుట హెచ్చుగా గనబడినది. ఎక్జిమా యను చర్మవ్యాధిచే ఒళ్లు పొడిబారి, ఎఱ్ఱబడి, గోకుకొను పసివాండ్రకు ఈ యపాయము ఎక్కువ. అట్టి బిడ్డ చర్మమునకు వేరుశనగనూనె రాయకుండుట మేలు. నోటికి అందనీయక ఒంటికి మాత్రము పట్టించుట తలక్రిందుల పని.

వెనుకటి యుపదేశము మరియొక రీతిగా నుండినది. ఎలర్జీ గల కుటుంబములలో బిడ్డకు మూడేండ్లు నిండువరకు వేరుశనగ పెట్టరాదని 1998లో ఇంగ్లండు దేశమునను, 2000లో అమెరికాలో శిశువైద్యుల సంఘమువారును చెప్పిరి. వారు మేలుకోరియే చెప్పిరి. కాని తల్లులెంత జాగ్రత్తగా మాన్పించినను ఆ వ్యాధి తగ్గలేదు. అమెరికావారు 2008లోను, ఇంగ్లండువారు 2009లోను ఆ యుపదేశమును విరమించుకొనిరి. అయినను సలహా పోయినంత శీఘ్రముగా భయము పోదు గదా! మన అమ్మాయిలు పరదేశమున వినిన మాటలలో నా పాతయుపదేశపు ఛాయ నేటికిని గలదు.

2008లోనే మరియొక సంగతి బయల్పడినది. ఇంగ్లండులోని యూదుల పిల్లలను, ఇజ్రాయేలు దేశములోని యూదుల పిల్లలను పోల్చి చూచిరి. జాతి యొక్కటే; దేశములు వేరు. ఇంగ్లండు పిల్లలలో నూటికి 1.85 వంతునకు వేరుశనగ పడకుండెను. ఇజ్రాయేలు పిల్లలలో నూటికి 0.17 వంతునకు మాత్రమే. అనగా పదిరెట్ల భేదము! కారణమేమన, ఇజ్రాయేలులో వేరుశనగతో జేసిన బాంబా యను తేలికయైన చిరుతిండిని పండ్లు రాని పసివారికి సయితము అందింతురు. ఇంగ్లండులో నా యీడు పిల్లలకు వేరుశనగ రుచియే తెలియదు.

ఇది కాకతాళీయమా, నిజమా యని తేల్చుటకు లండనులోని కింగ్స్ కాలేజీయందు గిడియన్ లాక్ అను ఆచార్యుడును ఆయన సహచరులును 640 మంది శిశువులను దీసికొనిరి. వారందరు 4 నెలలు మొదలు 11 నెలలలోపు వారు. ఎక్జిమా తీవ్రముగా నున్నవారో, గ్రుడ్డు పడనివారో, ఆ రెండును గలవారో. సగముమందికి వేరుశనగను అయిదేండ్లవరకు పూర్తిగా మాన్పించిరి. తక్కినవారికి వారమునకు మూడుమార్లకు తగ్గకుండ, మొత్తము మీద 6 గ్రాముల వేరుశనగ మాంసకృత్తులు చేరునట్లు పెట్టించిరి. ఫలితము 2015లో వెలువడినది. మొదటి చర్మపరీక్షలో ఏ సూచనయు గానరాని పిల్లలలో, మానినవారిలో నూటికి 13.7 వంతునకు ఎలర్జీ పుట్టినది, తిన్నవారిలో 1.9 వంతునకు మాత్రమే. పరీక్షలో స్వల్పముగా సూచన కనబడినవారిలో సయితము ఆ లెక్కలు 35.3, 10.6 గా నుండెను. భయపడి మాన్పించిన యిండ్లలోనే, ఏది రాకూడదని మాన్పించిరో అదియే హెచ్చుగా వచ్చినది.

ఇచట నొక ప్రశ్న పుట్టును. అయిదేండ్లు తినిన బిడ్డ తరువాత కొన్నాళ్లు మానినచో ఆ లాభము పోవునా? దీనికిని వారే సమాధానమును వెదకిరి. ఆ పిల్లలందరి చేతను ఒక సంవత్సరము వేరుశనగను మాన్పించి చూచి 2016లో ప్రకటించిరి. మొదట తిన్నవారిలో 4.8 వంతునకును, మొదటినుండి మానినవారిలో 18.6 వంతునకును ఎలర్జీ యుండెను. 2024లో వారు పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమునకు వచ్చినప్పుడు జూడగా 4.4, 15.4 వంతులుగా దేలినవి. నడుమ వారు తమ యిష్టము వచ్చినట్లు తినిరి. కొందరు తినరైరి కూడ. అనగా బాల్యమున నాలుగైదేండ్లు ఎడతెగక పోసిన పునాది తేలికగా కదలదు. కావున పుట్టింటికో తీర్థమునకో పోయి వారము తప్పినంత మాత్రమున తల్లులు గుండెలు బాదుకొననక్కరలేదు. కాని యీ పునాది నాలుగైదేండ్ల పని యని మరువరాదు. అన్నప్రాశనమునాడు వ్రేలితో నాకించి, మరల సంవత్సరమువరకు తలచకుండుట పరిచయమనిపించుకొనదు.

పునాది బలహీనముగా నున్నవారి సంగతి వేరు. వేరుశనగ పడని పిల్లలలో సుమారు అయిదుగురిలో నొకరికి పెరిగినకొలది అది తనంతతానే సరిపడును. అట్లు వైద్యుని పరీక్షలో స్వస్థులని తేలినవారిలో సయితము కొందరు భయము విడువక ఆ గింజను ముట్టకుండిరి. 2004లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఇట్లు కోలుకొనినవారిలో నూటికి 8 వంతులకు సమీపముగా మరల ఎలర్జీ తిరుగబెట్టినదనియు, అట్లు తిరుగబెట్టినది అరుదుగా తినువారిలోననియు కనిపెట్టిరి. కావున కోలుకొనినవారు నెలకొక్కమారైనను తినుట మంచిదని ఆ వైద్యులు చెప్పిరి. 2016లో మరియొక సంగతి తేలినది. ఎక్జిమాకు ఆహారమే కారణమని పాలు, గ్రుడ్డు మొదలగునవి మాన్పించిన పిల్లలలో నూటికి 19 మందికి, అంతకుముందు వాటిని తిని తక్షణమే యే హానియు నెరుగనివారికి, క్రొత్తగా తక్షణ ప్రకోపములు పుట్టినవి. ఒళ్లు దురదపుట్టినదని వైద్యుని యడుగక ఒక్కొక్క వస్తువును మాన్పించు గృహిణులు ఈ మాటను ముమ్మారు చదువవలెను.

మన వైద్యశాస్త్రములో సాత్మ్యమను మాట కలదు. అలవాటుచేత దేహమునకు అనుకూలమైనదానిని ఓకసాత్మ్యమని చరకసంహిత చెప్పుచున్నది. అభ్యాసమును ఒక్కసారిగా మార్పరాదనియు, క్రమముగా మార్పవలెననియు ఆ గ్రంథము బోధించుచున్నది. పూర్వులు నేటి ఎలర్జీని ఎరిగిరని చెప్పుట మా యుద్దేశము కాదు. నేటి పరిశోధనలను ఆ మాటలలో వెదకుట న్యాయమును గాదు. కాని తిండిని పెట్టుటయు మాన్పుటయు రెండును ఆలోచించి చేయవలసిన పనులేయను వివేకము మనకు క్రొత్త గాదు.

మేమెరిగిన యొక యింటిలో జరిగిన సంగతి వినుడు. పెద్దబిడ్డకు నాలుగేండ్లప్పుడు వేరుశనగ తిని పెదవులు వాచి, ఆయాసము పుట్టినది. వైద్యుడు పరీక్షించి ఎలర్జీ యని నిర్ధారించెను. అప్పటికి చిన్నవానికి ఆరవ నెల. వానికి మోచేతుల మడతలలో ఎక్జిమా. అత్తగారు వేరుశనగ డబ్బాను వీథిలో పారవేయించి, "పెద్దదానికి విషమైన వస్తువు ఈ యింట నుండరాదు. చిన్నవానికిని వద్దు" అని శాసించిరి. కోడలు గొంతు పెంచక, "అత్తయ్యగారూ, మీరన్నట్లే డబ్బా ఇంట నుంచను. అయితే చిన్నవానిని ఒకమారు డాక్టరుగారికి చూపి, ఆయన ఏమనునో అదియే చేయుదము" అని వేడుకొనెను. ఆ పెద్దామె కొంతసేపు పలుకక, "సరే అమ్మాయీ, నేనును వత్తును. నా చెవులతో వినవలెను" అనిరి.

వైద్యుడు చిన్నవానికి చర్మముపై సూదితో గీచి పరీక్ష చేసెను. ఏ సూచనయు లేదు. తన యెదుటనే కొద్దిగా తినిపించి, బాగున్నదని తేలినపిమ్మట, ఇక నీ బిడ్డకు మానక పెట్టుడనెను. నాటినుండి అక్క బడికి పోయిన వేళ చిన్నవానికి వేరుశనగపొడి కలిపిన జావ పెట్టుచున్నారు. దానికి గిన్నెయు చెంచాయు వేరు. తినిపించినపిమ్మట సబ్బుతో చేతులు, బిడ్డ మూతి కడుగుచున్నారు. ఒట్టి నీటితో కడిగినచో ఆ జిడ్డు పూర్తిగా పోదు. ఇది 2004లో పరీక్షించి చూచిన సంగతియే. ఆ పొడి డబ్బాపై తాళము వేసి, తాళపుచెవిని కొంగున ముడివేసికొని తిరుగునది ఇప్పుడా యత్తగారే. ఒక బిడ్డను కాపాడుటకు రెండవ బిడ్డను అపాయమున ద్రోయనక్కరలేదని ఆమెకు తెలిసినది.

ఇక పెట్టు విధమును జెప్పెదము. ఆరవ నెల నిండి అన్నప్రాశనమైనపిమ్మట, తక్కిన మెత్తని ఆహారములు ఒకటి రెండు అలవాటయినవెనుక, వేరుశనగను మొదలిడవచ్చును. ఎక్జిమా తీవ్రముగా నున్న బిడ్డకును, గ్రుడ్డు పడని బిడ్డకును మాత్రము ముందుగా వైద్యుని యడుగవలెను. అట్టివారికి నాలుగవ నెల దాటినది మొదలే పరీక్షించి మొదలిడుమని 2017లో అమెరికాలో వెలువడిన సూత్రములు చెప్పుచున్నవి.

బిడ్డకు జ్వరము, జలుబు లేని దినమున, రాత్రివేళ గాక పగటివేళ మొదలిడవలెను. గింజలను వేయించి, పొట్టుదీసి, మెత్తగా నూరి, నీటితోనో జావతోనో మెత్తని ముద్దగా గలుపవలెను, కారము తగులనీయరాదు. మొదట చెంచాకొనపై కొద్దిగా నాకించి పది నిమిషములు చూడవలెను. ఏమియు లేకున్న మిగిలినది మెల్లగా పెట్టి, రెండు గంటలసేపు కనిపెట్టియుండవలెను. సరిపడినచో వారమునకు మూడుమార్లు, ఒక్కొక్కమారు సుమారు పది గింజల పొడి, అనగా రెండున్నర చిన్నచెంచాలు, అలవాటు చేయవచ్చును. ఇది పైన జెప్పిన పరిశోధనలోని మోతాదే.

పలుకులు, బద్దలు, పట్టీలు, ఉండలు అయిదేండ్లలోపు పిల్లలకు పెట్టరాదు. అవి గొంతున బడి ఊపిరి యాగును. ఇది ఎలర్జీకంటె తక్కువ యపాయము గాదు. బూజుపట్టినవి, ముడుతలు పడినవి, చేదెక్కినవి ఏరి పారవేయవలెను; బూజునుండి పుట్టు విషము వేయించినంత మాత్రమున పోదు.

వేరుశనగ సరిపడినది గదా యని జీడిపప్పును, బాదమును దాని వెంట నొకేనాడు పెట్టరాదు. వేరుశనగ కందిపెసలవలె కాయధాన్యపు జాతిది. జీడిపప్పు చెట్టున గాయునది. ఒకటి పడుట రెండవదానికి పూచీ గాదు. జీడిపప్పు పడనివారికి పిస్తాయు, అక్రోటు పడనివారికి పెకను గింజయు తరచుగా పడవు. కావున ఒక్కొక్కదానిని వేరువేరు దినములలో పొడిచేసి పరిచయము చేసి, సరిపడినదానిని ఇంటి యలవాటు ననుసరించి పెట్టుచుండవలెను.

చివర నొక్క హెచ్చరిక. తినిన కొద్ది నిమిషములలో గాని, ఒకటి రెండు గంటలలో గాని దద్దుర్లు, వాపు, మరల మరల వాంతులు, ఆయాసము కనబడిన బిడ్డకు, "కొంచెము కొంచెముగా పెట్టి అలవాటు చేయుదము" అని యింట ప్రయత్నించుట ప్రాణాంతకము. అట్లు కొద్దికొద్దిగా పెట్టి అలవరచు చికిత్స కలదు. 2020లో అమెరికా ప్రభుత్వము అట్టి యౌషధమునకు అనుమతి నిచ్చెను. కాని యది వైద్యుని కనుసన్నలలో, మోతాదును మిల్లీగ్రాములలో తూచి, ప్రతిదినము తప్పక చేయవలసిన పని. ఆపినచో ఆ రక్షణ సడలిపోవచ్చును. ఆయాసము, స్పృహ తప్పుట కనబడిన యెడల పసుపునీళ్లని, దిష్టియని జాగుచేయక, తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. అచ్చట మొట్టమొదట నీయవలసినది ఎడ్రినలిన్ సూదిమందు. దద్దుర్లకు వాడు మాత్రలు దాని స్థానమున పనికిరావు.

అమెరికాలో క్రొత్త యుపదేశము వెలువడినపిమ్మట చిన్నపిల్లలలో వేరుశనగ ఎలర్జీ నూటికి 40 వంతులకు పైగా తగ్గినదని 2025లో ప్రకటింపబడిన లెక్కలు చెప్పుచున్నవి. పరదేశపు తల్లులు ఇన్నేండ్ల పరిశోధనచే నేర్చి పెట్టుచున్న గింజ మన పొలములలో పండుచున్నది. మన పోపులపెట్టె ప్రక్కన నున్నది. దానిని మనము వదంతి విని దూరము చేసికొనుట తగునా? కోడలు అత్తగారికి, అత్తగారు కోడలికి, ఇక్కడి తల్లి సీమలోని కూతురికి ఈ సంగతి చదివి వినిపింతురు గాక. పడినదానిని పట్టుదలతో పెట్టుట, పడనిదానిని పట్టుదలతో మానుట, ఏది యేదియో తెలియనప్పుడు వైద్యుని యడుగుట — ఈ మూడును ఇల్లాలి చేతిలోని పనులే.